నలభై ఒకటో పీపా మీద సుద్దరాత

పీపాను వేలి కణుపులతో కొడితే రెండు రకాలుగా పలుకుతుంది. సరుకు ఉన్నంత మేర దుమ్ దుమ్మంటుంది. సరుకు తగ్గి గాలి మొదలైన చోట ఠంగుమంటుంది. ఆ రెంటికీ నడుమ గీత ఎక్కడుందో చెవితో పట్టుకోవడం కొట్టం బాబాయి పని. పీపాల కొట్టానికి కాపలాదారూ ఆయనే, వైద్యుడూ ఆయనే. అందుకని విస్కీ బట్టీలో పెద్దా చిన్నా అందరూ ఆయన్ని కొట్టం బాబాయి అనే పిలుస్తారు. ఆయన మటుకు ఎవర్నీ ఏమీ పిలవడు. అవసరం పడితే వెళ్లి పక్కన నిలబడతాడు. ఎదుటివాళ్లే చూసుకుని ఏం కావాలని అడగాలి.

ఆ సోమవారం పొద్దున కొట్టం తలుపు తీసేసరికి ఆయన చొక్కా జేబులో సుద్దముక్క ఇటుకంత బరువుగా ఉంది.

ఏటా పాత పీపాలను చూసే రోజు అది. బిరడా ఊడదీసి, రాగి గొట్టాన్ని లోపలికి దించి, పైకొనను బొటనవేలితో మూసి పైకి తీస్తే గుక్కెడు సరుకు వస్తుంది. దాన్ని గ్లాసులోకి వదిలి వాసన చూస్తాడు. నాలుక మీద చుక్క వేసుకుని ఉమ్మేస్తాడు. తాగడు. చూశాక పీపా మూతపలక మీద సుద్దతో గుర్తు పెడతాడు. ఆయన గుర్తులు ఆయనకున్నాయి. సున్నా అంటే ఇంకా ఉండాలి, అడ్డగీత అంటే కారుతోంది, చుక్క అంటే సీసాలకెక్కించొచ్చు. ఇన్నేళ్లూ అలాగే నడిచింది.

ఈ ఏడు మేనేజరు కొత్తవాడు. ఆ గుర్తులు చూసి, "ఇవేంటండీ, కోడి కెలికినట్టు! రేపు మీరు సెలవు పెడితే ఎవరు చదవాలి? మాటల్లో రాయండి. పీపాకి ఒక్క మాట చాలు," అన్నాడు.

బాబాయి తల ఊపాడు.

ఆయన చదువు మూడో తరగతితో సరి. చదవడం కాస్త నయం. గోడల మీద రాతలు కూడబలుక్కుని చదువుతాడు. రాయడమంటే సంతకం వరకే. అది కూడా రాయడం కాదు, బొమ్మ గీయడం. మేనేజరు మాట అయ్యాక వారం రోజులపాటు కొట్టంలో ఎవరూ లేనప్పుడు మట్టినేల మీద పుల్లతో మూడు మాటలు దిద్దుకున్నాడు. ఉండాలి. కారింది. ముగ్గింది. చివరిది ఆయన సొంత మాట. విస్కీని 'పాతబడింది' అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది. పాతబడటానికేం, రాయి కూడా పాతబడుతుంది. ముగ్గేది ప్రాణమున్నదే. చెట్టున కాయ ముగ్గినట్టే చెక్కలో సరుకూ ముగ్గుతుందని ఆయన లెక్క.

మధ్యాహ్నానికి నలభై ఒకటో పీపా దగ్గరికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ల పీపా. కింది వరసలో, గోడవార, పొద్దు తగలని చోట ఉంది. బిరడా మీద చెక్క సుత్తితో అటూ ఇటూ నాలుగు దెబ్బలు వేస్తే బిరడా దానంతటదే లేచింది. గొట్టం దించి తీశాడు. గ్లాసును తిప్పలేదు, ఊపలేదు. గడ్డం కింద పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఆగాడు.

ఆగినవాడు అలాగే ఉండిపోయాడు. బయట బండి మీంచి బార్లీ బస్తాలు దించుతున్న చప్పుడు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. అప్పటికిగాని గ్లాసు కిందికి దించలేదు.

సుద్ద తీసి, అన్ని పీపాల మీద కంటే పెద్ద అక్షరాలతో రాశాడు. ఒకటికి రెండుసార్లు దిద్దాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. బాగానే ఉందనిపించింది. చేతిని చొక్కాకి తుడుచుకుంటే చొక్కా మీద తెల్లగా ఐదు వేళ్లూ పడ్డాయి.

మంగళవారం ఆయన వెనకాలే రుచులు చూసే మేడం వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. వాసనలూ రుచులూ పట్టడం పెద్ద చదువుగా చదివి, సర్టిఫికెట్టు తెచ్చుకున్న మనిషి. పనివాళ్లు ఆవిడకు ముక్కమ్మ అని పేరు పెట్టారు. ఆవిడకీ తెలుసు. ఒకసారి నవ్వి, "పోనీలెండి, చెవమ్మ అనలేదు," అంది. ఆరు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. ఇది ఆరో నెల. ఆవిడ ఒక్కో పీపా ముందు ఆగి, మూత మీద మాట చదివి, చిన్న సీసాలోకి నమూనా తీసుకుని, తన గదికి పట్టుకుపోయింది.

బుధవారం పదింటివేళ పీపాలు చేసే వడ్రంగి కొట్టంలోకి వచ్చాడు. బాబాయికి బావవరస. వరస ఎట్లా కలిసిందో ఇద్దరికీ గుర్తులేదు, పిలుపు మాత్రం మిగిలింది. బావ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు కూడా ఇనప పట్టీ ఒకటి భుజాన తగిలించుకుని, గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఏం బావా, బట్టీకి నూరేళ్లు నిండుతున్నాయని మేనేజరు ఒకటే సంబరం. నూరేళ్లు నిండటమంటే పోవడమయ్యా బాబూ అని ఎవరైనా చెప్పండయ్యా ఆయనకి."

బాబాయి పీపా కింద ఆపు చెక్క సరిచేస్తున్నాడు.

"నూరేళ్ల పేరుతో మంచి పీపా ఒకటి ఎంచి సీసాల్లోకి దించుతారట. నీ ముద్దులబిడ్డనే ఎంచుతారనుకున్నా. పాపం, ముక్కిపోయిందిగా!"

"ఏది?"

"నలభై ఒకటి. ముక్కమ్మ ముక్కిందంది." తన మాటకు తనే నవ్వాడు. "ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. శుక్రవారం తోడేసి, బానలో పోసి మళ్లీ కాచేస్తారట."

బాబాయి చేతిలో చెక్క జారింది. మళ్లీ కాస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ముప్ఫై ఏళ్ల రంగూ వాసనా గంటలో ఊడిపోతాయి. నిన్నటి సరుకులాగా తెల్లగా, ముక్కూ మొహం లేకుండా బయటికొస్తుంది.

లేచి ఆఫీసుకు వెళ్లాడు. దారిలో రాగి బానల గది దాటాలి. మేనేజరు నలుగురు చుట్టాలను, అంటే సరుకు కొనేవాళ్లను, వెంటేసుకుని బట్టీ చరిత్ర చెబుతున్నాడు. "ఇది మొదట్లో పిండిమర అండీ. మా మూలపురుషుడు స్కాచ్ పుట్టిన దేశం పోయి, అక్కడ నాలుగేళ్లు కూలిపని చేసి, పని నేర్చుకొచ్చాడు. నానబెట్టిన బార్లీ, పొగ సెగ, రాగి బాన, రెండుసార్లు కాచడం, ఓకు చెక్క పీపా, అన్నీ స్కాచ్ పద్ధతే. ఒక్కటే తేడా. మన బాన మెడ పొట్టి. ఆవిరి తేలిగ్గా దాటిపోతుంది, అందుకే మన సరుకు చిక్కగా, నూనెలా ఉంటుంది. ఆయన ఎంతో ఆలోచించి..."

"ఆలోచించీ కాదు, ఏమీ కాదు," అన్నాడు బావ బాబాయి చెవిలో. వెనకాలే వచ్చాడు. "మర కప్పు తక్కువెత్తు. కప్పు ఎత్తు చెయ్యడానికి ఆయనకి చెయ్యి రాలేదు, మెడ కోయించాడు. మనం తాగేది పిసినారితనం బావా!"

వేరే రోజయితే బాబాయి మీసం చాటున నవ్వేవాడు. ఆ రోజు వినిపించుకోలేదు. గోడ మీద కాగితంలో అంకె తప్ప తక్కినది చదివే ఓపిక లేక, నేరుగా మేడం గదికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

తెల్లటి గది. బల్ల మీద మూతలు పెట్టిన చిన్న గ్లాసులు బారుగా ఉన్నాయి. ఆవిడ తలెత్తింది.

"రండి బాబాయ్ గారూ. ఏం కావాలి?"

"నలభై ఒకటి నువ్వే చూశావామ్మా?"

"చూశాను. ముప్ఫై ఏళ్లది, నాకూ ప్రాణం ఉసూరుమంది. కానీ మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముక్కిన వాసనే. తడి గోనెసంచి మూలన పడేస్తే వచ్చే వాసన."

"నేను చెప్పానా?"

"మూత మీద రాశారు కదా."

బాబాయికి ఏదో అర్థంకానిది జరిగిందని మాత్రం అర్థమైంది. తల ఊపి వచ్చేశాడు.

కొట్టంలోకి వెళ్లి నలభై ఒకటి ముందు గొంతుకూర్చున్నాడు. తన రాత తనకు సరిగ్గానే కనిపించింది. ఎంతసేపు చూసినా అంతే. చివరికి పగిలిన పీపా పలక ముక్క ఒకటి తెచ్చి, మూత మీద ఉన్న ప్రతి మెలికా ఉన్నదున్నట్టు సుద్దతో దాని మీదికి ఎక్కించాడు. సాయంత్రం ఆ పలకముక్కను చెరిగిపోకుండా ఒంటికి ఆనకుండా పట్టుకుని ఇంటికి నడిచాడు.

ఇంటావిడ కిటికీ పక్కన కుట్టుమిషను దగ్గర కూర్చుని తెరగుడ్డ అంచు మడిచి కుడుతోంది. ఎనిమిదో తరగతి వరకు చదివింది. ఇంట్లో వచ్చిన కాగితాలన్నీ ఆవిడే చదువుతుంది. ఆయన పలక ఆవిడ ముందు పెట్టాడు.

"చదువు."

"ఇదేంటి, మళ్లీ బళ్లో వేశారా?" పలక తిప్పి చూసింది. "ముక్కింది. ఏం ముక్కింది? పిండా? నిన్ననేగా తెచ్చావు."

"ముగ్గింది కాదూ?"

"కాదు."

"సరిగ్గా చూడు. ముగ్గిందని అనుకో."

"అనుకోడానికేం, బంగారంలాంటి మొగుడు దొరికాడని ముప్ఫై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నా. ఇది మాత్రం ముక్కిందే." సూది కొనతో చూపించింది. "గ అంటే గుడిసె కప్పులా వంగి ఉంటుంది. నువ్వు రాసింది తాడు ముడేసినట్టుంది చూడు. అది క. కిందా అదే, పైనా అదే."

ఆయన చూశాడు. బళ్లో చదివిన నాటినుంచీ ఆ వరసలో మొదటి అక్షరమూ మూడో అక్షరమూ ఆయనకు తారుమారే. ఇప్పుడు ఆవిడ సూది కింద తాడుముడి స్పష్టంగా కనిపించింది. కనిపించాక ఇక వేరేగా కనిపించనంటోంది.

ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి మిషను చక్రం మీంచి చెయ్యి తీసేసింది. "ఏమైంది?"

ఆయన చెప్పాడు. ఏడాది మొత్తానికి ఖర్చుపెట్టే మాటలు ఆ కాసేపట్లో అయిపోయాయి. అంతా విని ఆవిడ అడిగింది:

"నువ్వు తప్పు రాశావు సరే. సరుకు బాగానే ఉందిగా. మరి ఆ పిల్లకి ముక్కిన వాసన ఎలా వచ్చింది?"

ఆయన పలకను తన వైపు తిప్పుకున్నాడు.

"ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమన్నట్టుంది," అంది ఆవిడ నెమ్మదిగా. "చదివింది, అదే వాసన వచ్చింది. అంతేనా?"

"ఊఁ."

"చెప్పెయ్ మరి మేనేజరుకి."

"చెబితే నన్ను గేటు దగ్గర కూర్చోబెడతాడు. రాయడం రానివాడు పీపాల మీదెందుకంటాడు. అది సరే. ఆ పిల్లకిది ఆరో నెల."

"చెప్పకపోతే?"

"పీపా పోతుంది."

ఆవిడ తెరగుడ్డను ఒళ్లో మడిచి పెట్టుకుంది. "మేనేజరుకి ముందు చెబితే చాడీ అవుతుంది. ఆ పిల్లకి ముందు చెబితే మాట అవుతుంది. ఎవరికి చెప్పాలో నీకే తెలుసు," అంది. మళ్లీ మిషను తొక్కింది. నాలుగు కుట్లు పడ్డాక ఆపి, "గ కూడా నేర్చుకో, పోయేదేం లేదు," అంది.

గురువారం పొద్దున్నే ఆయన రెండు గ్లాసులు మూతలు పెట్టి, పీటలాంటి చెక్క మీద నిలబెట్టి, తొణక్కుండా మేడం గదికి పట్టుకెళ్లాడు. గుమ్మంలో నిలబడలేదు. లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టాడు.

"నలభై ఒకటి మీద నేను రాయాలనుకుంది ముగ్గిందని. ముక్కిందని పడింది. నాకు రాయడం రాదమ్మా."

ఆ చివరి మాట అనేసి గ్లాసులు ఆవిడ వైపు జరిపాడు.

ఆవిడకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో నిటారుగా కూర్చుంది. "లేదు బాబాయ్ గారూ. రాత సంగతి నాకు తెలీదు. నాకు వాసన వచ్చింది. నేను ఊహించుకోలేదు. నా పని అదే కదా."

"కాదనను."

"మరి?"

"ఈ రెండిట్లో ఏది ఏదో నేను చెప్పను. చూడు."

ఆవిడ మొహంలో కోపం తెలిసింది. విసురుగా మొదటి గ్లాసు మూత తీసింది. ముక్కు దగ్గరికి తెచ్చిందో లేదో తల వెనక్కి లాగేసింది. ముక్కిన వాసన. సందేహం లేదు. బియ్యం డబ్బా అడుగున పురుగు పట్టి ఉండలు కట్టిన పిండి వాసన. రెండేళ్ల కిందట పక్కన పెట్టేసిన పదిహేడో పీపాది అది.

రెండో గ్లాసు మూత నెమ్మదిగా తీసింది.

ఊపిరి పీల్చింది. దించి మళ్లీ పీల్చింది. ఈసారి కళ్లు మూసుకుంది. ముందు తేనె కాదుగాని తేనెపట్టు మైనం వచ్చింది. దాని వెనక ఎండబెట్టిన ఏదో పండు, పేరు పెట్టేలోపల జారిపోయింది. కాస్త ఆగితే పొగ. ఎదురుగా మండే పొగ కాదు, పక్కవీధిలో ఎప్పుడో ఆరిపోయిన పొగ. అన్నిటికీ అడుగున తడిమట్టి చల్లదనం సన్నగా, గీతలాగా ఉంది. అది కొట్టం నేలది. ముప్ఫై ఏళ్లు ఆ నేల మీద పడుకున్నందుకు ఆ మాత్రం అంటింది. మంగళవారం ఆవిడ గట్టిగా పట్టుకున్నది ఆ ఒక్క గీతనే. మూత మీద మాట చదివి, దాన్నే వెతికి, దాన్నే లాగి, తక్కిందంతా వదిలేసింది.

నీటిచుక్కలు మూడు వేసింది. గ్లాసులో సన్నటి నూనె చారలు మెలికలు తిరిగి కరిగాయి. నాలుక మీద వేసుకుంది. ఉమ్మలేదు. మింగింది.

చాలాసేపటికి గ్లాసు బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టాలనుకుందిగాని టక్కుమంది.

"నన్ను కాసేపు వదిలెయ్యండి బాబాయ్ గారూ," అంది అటు తిరిగి.

ఆయన గ్లాసులు అక్కడే వదిలి వచ్చేశాడు. ఆ రోజంతా ఆఫీసు గోడ మీద కాగితం అలాగే ఉంది. సాయంత్రం గంట కొట్టాక ఆవిడ కొట్టం వైపు చూడకుండానే గేటు దాటి వెళ్లిపోయింది. గొడుగు తెరవకుండా, వానలో. బాబాయి గుమ్మంలోంచి చూశాడు. ఆయనకు కోపం రాలేదు. ఎవరి ఇంట్లో ఏ పొయ్యి ఎలా వెలుగుతోందో ఎవరికి తెలుసు. తన మాట తను చెప్పుకుంటే చాలు, ఆ పిల్ల పేరు ఎత్తకుండా ఎలా చెప్పాలా అన్నదే ఇంటికెళ్లే దారిపొడుగునా ఆలోచించాడు. తెగలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి తోడే మరనూ రబ్బరు గొట్టాన్నీ కొట్టంలోకి తెచ్చారు. ఇద్దరు పనివాళ్లు, వెనక మేనేజరు, ఊరికే చూడ్డానికి బావ. గొట్టం కొన పట్టుకున్న పనివాడు నలభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి బాబాయి దాని ముందు నిలబడి ఉన్నాడు.

"జరగండి బాబాయ్," అన్నాడు వాడు.

బాబాయి జరగలేదు. మేనేజరు వైపు చూశాడు.

"నేను రాసింది తప్పు. ముగ్గిందని రాయబోయి ఇలా రాశాను. నాకు రాయడం రాదు."

పనివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. బావ నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా మూశాడు.

మేనేజరు గొంతు తగ్గించాడు. "అది నాకు ముందే చెప్పాల్సింది కదండీ. సరే, మీ రాత తప్పనుకుందాం. మేడం పరీక్ష చేసి మరీ అదే అన్నారుగా. రాత తప్పయితే వాసన కూడా తప్పవుతుందా?"

దారిపొడుగునా తెగనిది అదే. దానికి జవాబు చెబితే ఆ పిల్ల పోతుంది. చెప్పకపోతే పీపా పోతుంది. బాబాయి వెనక్కి చెయ్యి చాపి మూతపలక మీద ఆనించాడు. చెక్క చల్లగా తగిలింది.

"చెప్పండి."

ఆయన చెయ్యి తీయలేదు.

"చూడండి, మీ మొహమాటాలకి పని ఆపలేను. పక్కకి జరగండి."

"వాసన తప్పేమీ కాదు సార్," అంది వెనకనుంచి గొంతు. "నేను అసలు వాసన చూడలేదు. చదివాను."

ముక్కమ్మ గుమ్మంలో ఉంది. నిద్ర లేని కళ్లు. చేతిలో పళ్లెం, పళ్లెంలో మూతలు పెట్టిన మూడు గ్లాసులు. వస్తూనే పళ్లెం పక్కనున్న డబ్బా మీద పెట్టింది. "మూత మీద మాట చూసి, ఆ మాట కోసం వెతికాను. వెతికితే దొరకనిదేముంది. నిన్న పొద్దున బాబాయ్ గారు చెప్పారు. నిన్ననే మీ దగ్గరికి రావాల్సింది. భయపడ్డాను."

మేనేజరు ఆవిడను చూశాడు, బాబాయిని చూశాడు. ఎవరి మీద కోప్పడాలో తేలనట్టు, "ఇప్పుడు ఎవర్ని నమ్మమంటారు నన్ను?" అన్నాడు.

"ఎవర్నీ వద్దు. ఏ గ్లాసు ఏ పీపాదో నేను చెప్పను. మీరే చూడండి."

మేనేజరు లెక్కలు చదివిన మనిషి, వాసనలు కాదు. అయినా అందరూ చూస్తున్నారని మొదటి గ్లాసు తీసి, మేడంలాగే కళ్లు మూసుకుని పీల్చాడు. "బాగుంది," అన్నాడు జాగ్రత్తగా. రెండోది పీల్చి దగ్గాడు. మూడోది పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. ఒక గుటక వేసి, అలాగే నిలబడి, గొట్టాన్నీ మరనూ పనివాళ్లనూ మరిచిపోయినట్టు మొహం పెట్టాడు.

"ఇదండీ! నూరేళ్ల సీసాల్లోకి ఇలాంటిది పోవాలి. ఏ పీపాది ఇది?"

చివరికి బావే ఆగలేకపోయాడు.

"మీరు బానలో పోయిస్తున్నదే సార్."

మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసులోకి చూశాడు. తర్వాత గొట్టం పట్టుకున్న పనివాడి మీద అరిచాడు: "ఇంకా ఏం చూస్తున్నావు? చుట్టెయ్ దాన్ని!"

మర చక్రాలు మట్టిలో దిగబడుతూ బయటికి పోయాక ఆయన కొంచెం తేరుకున్నాడు. "మేడం, మిమ్మల్ని ఇవాళ పక్కా చేస్తూ కాగితం ఇవ్వాలనుకున్నాను. ఇప్పుడివ్వలేను. ఇంకో ఆరు నెలలు చూద్దాం. ఇక మీదట మూత మీద గుడ్డ కప్పి నమూనా తీయండి." బాబాయి వైపు తిరిగాడు. బాబాయేమో గేటు దగ్గర కుర్చీ ఎలా ఉంటుందో అప్పటికే ఊహించుకుంటున్నాడు. మేనేజరు కాసేపు మాట వెతుక్కుని, "మీరు... సరుకు సంగతి మీరు చూడండి. రాసే సంగతి ఎవరో ఒకరు చూస్తారు," అనేసి, అక్కడితో ఆగక, "సోమవారానికి సీసా మీద వేయడానికి నాలుగు ముక్కలు కావాలి మేడం. వాసన ఎలా ఉంది, రుచి ఎలా ఉంది, అవి," అని ఆఫీసు దారి పట్టాడు.

"నేను రాయను," అంది ముక్కమ్మ ఆయన వెళ్లాక. అన్నది బాబాయితో. "నా తలనిండా చదివిన మాటలే ఉన్నాయి. మీరు చెప్పండి, నేను రాస్తాను."

"నేనా?" అన్నాడు బాబాయి.

"ఈయనతో చెప్పించడం కంటే పీపాతో చెప్పించడం తేలికమ్మా," అని బావ పట్టీ భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

మధ్యాహ్నం కొట్టం గుమ్మంలో, వాన వెలిసిన వెలుతురులో, రెండు బోర్లించిన డబ్బాల మీద కూర్చున్నారు. ఆవిడ ఒళ్లో అట్ట, అట్ట మీద ఒక తెల్ల కాగితం. ఆయన చేతిలో గ్లాసు. ఆవిడ తొందరపెట్టలేదు.

"మైనం," అన్నాడు ఆయన చివరికి.

రాసింది.

"ఎండిన పండు. ఏ పండో అడక్కు. చిన్నప్పుడు ఎవరో జేబులోంచి తీసి ఇచ్చింది."

ఆవిడ తలెత్తి చూసి, అలాగే రాసింది. "తర్వాత పొగ," అంది రాస్తూ.

"పొగ కాదు."

"మరి?"

ఆయన గ్లాసు వంచి చూశాడు. "రాత్రి పొయ్యి ఆర్పేసి పడుకుంటామే. తెల్లారి లేచి ఆ గది తలుపు తీస్తే వచ్చేది."

"బూడిదా?"

"బూడిదంటే అయిపోయినట్టు. ఇది అయిపోలేదు. చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది."

ఆవిడ పొగను కొట్టేసింది. దాని పక్కన అప్పటికే రాసేసిన బూడిదనూ కొట్టేసింది. 'తెల్లారి పొయ్యి వెచ్చదనం' అని రాసి చదివి వినిపించింది. ఆయన తల ఊపబోయి, ఆపి, "ఆరిన పొయ్యి," అన్నాడు. "ఆరిందని చెప్పాలి. లేకపోతే వెచ్చదనానికి విలువ లేదు."

దిద్దింది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. చెక్క గురించి, నూనెలా నాలుక మీద పాకడం గురించి, నీళ్లు రెండు చుక్కలు దాటకూడదని. ఒక్కో మాటకు నడుమ ఎడం ఉందిగాని మాట మాత్రం ఆగలేదు. ఆవిడ రాసింది, కొట్టేసింది, పక్కన ఇరికించింది. కాగితం కింది అంచు దాకా వచ్చింది.

"చివర ఏమని రాయమంటారు? మింగేశాక?"

ఆయన గుక్క వేశాడు. ఉమ్మలేదు. పెరట్లో వాననీళ్లు చూరునుంచి బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఎదురుగా బావ సుత్తి దెబ్బలు మొదలై, ఒక వరస అయిపోయి, ఆగాయి.

"ఉంది," అన్నాడు.

"ఏముంది?"

"అంతే. ఇంకా ఉంది. ఉందని రాయి."

ఆవిడ రాసింది. ఆ రెండక్షరాలనూ ఆయన మెడ వంచి, కూడబలుక్కోకుండా చదివాడు. చదివి, ఇంకో చుక్క నాలుక మీద వేసుకుని కళ్లు చిట్లించాడు. "దాని కింద ఇంకోటి తగులుతోంది. రాసుకో," అన్నాడు.

"కాగితం నిండిపోయింది బాబాయ్ గారూ."

"ఇంకోటి తే," అన్నాడు కొట్టం బాబాయి.